పాత కోచ్, కొత్త కోచ్, మధ్యలో ఒక పాదం

ఈ మధ్య మా కుటుంబ స్నేహితులు శ్రీధర్ గారి అమ్మాయి నిత్య పక్క ఊరు ఆష్‌బర్న్ నుంచి మా హెర్న్‌డన్ దాకా డ్రైవ్ చేసుకుంటూ మా ఇంటికి వచ్చింది. అథ్లెటిక్ ట్రైనింగ్‌లో మాస్టర్స్‌కి సీటు వచ్చిందట. స్వీట్ బాక్స్ చేతిలో పెట్టి, ఫోన్ తీసి, అప్లికేషన్‌లో తను రాసిన వ్యాసం చదివి వినిపించింది. మొదటి వాక్యమే కర్టిస్ గురించి. విరిగిన పాదంతో ఆడి మా యూనివర్సిటీ జట్టుని గెలిపించిన ఆ కుర్రాడి గుండెధైర్యం గురించి చిన్నప్పటి నుంచీ విని, ఈ వృత్తిలోకి రావాలనుకుందట.

"బావుందా ఆంటీ? యూ వర్ దేర్ కదా ఆ రోజు!"

ఉన్నాను. ఆ పాదానికి టేపు చుట్టింది నేనే. "బావుందమ్మా" అని, కాఫీ పెట్టే మిషతో వంటింట్లోకి వెళ్లిపోయాను. స్టవ్ వెలిగించి, గిన్నె పెట్టడం మర్చిపోయాను. ఇరవై ఆరేళ్లు ఒక కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకి ట్రైనర్‌గా చేసి, రిటైరై రెండేళ్లయింది. అయినా ఆ పేరు వింటే ఇప్పటికీ అంతే.

ఆ పిల్లకి ఆ రోజు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. పేర్లు మార్చాను. ఎవరి పాదాల గురించి రాస్తున్నానో ఆ ఇద్దరూ రాయమన్నారు. వాళ్లు మాట్లాడింది ఇంగ్లిష్‌లోనే అయినా నాకు గుర్తున్నట్టు తెలుగులో రాస్తున్నాను.

మూడు మాటల చీటీ

ట్రైనర్ అనగానే మనవాళ్లు జిమ్‌లో బరువులు ఎత్తించే మనిషి అనుకుంటారు. మా అత్తగారు పోయేదాకా నేను కాలేజీ పిల్లలకి డ్రిల్లు నేర్పుతున్నాననే అనుకున్నారు. నేను చేసింది ఆటగాళ్ల చీలమండలకి టేపు చుట్టడం, వాచిన మోకాళ్లకి ఐసు పెట్టడం, ఎవరైనా కిందపడితే కోర్టులోకి పరిగెత్తడం, డాక్టరుకి చూపించి మళ్లీ ఆడేదాకా వెంట ఉండడం. జట్టుకి డాక్టర్ ఉంటాడు, కానీ రోజూ ఉండడు. రోజూ ఉండేది మనమే.

ఇదంతా చేతిపని, రెండేళ్లు చేస్తే ఎవరికైనా వస్తుంది. అసలు పని ఒక చీటీ. ఆటకి ముందు ప్రతి ఆటగాడి పేరు ఎదురుగా ఒక మాట రాసి కోచ్‌కి ఇవ్వాలి. ఆడొచ్చు, కొద్దిసేపే ఆడొచ్చు, వద్దు. మొదటి రెండూ రాయడం సులువు. మూడోది రాయడం కష్టమని మొదట్లో అనుకున్నాను. రాయడం కాదు, రాశాక దాని పక్కన నిలబడడం కష్టమని తెలిసేసరికి పన్నెండేళ్లు పట్టింది, ఒక కుర్రాడి ఆట పోయింది.

హాలోవెల్ గారి కోటు జేబు

మా పాత కోచ్ హాలోవెల్ చెడ్డవాడని నేననను. నేను చేరిన ఏడాది, మగపిల్లల లాకర్ రూమ్ పక్కన ఈ పొట్టి ఇండియన్ ఆవిడ ఏం చేస్తుందని అసిస్టెంట్ కోచ్‌లు నవ్వుకుంటే, ఆయన అందరినీ పిలిచి, "మిస్ వి చేతిలో పాదం పెట్టనివాడు నా జట్టులో ఆడడు" అన్నాడు. నా పేరు విజయలక్ష్మి. అది పలకలేక అక్కడ అందరికీ 'మిస్ వి' అయిపోయాను. మా పాప పుట్టినప్పుడు ఆస్పత్రికి తనే సూప్ పట్టుకొచ్చాడు. ఆయనకి ఎదురుచెప్పలేకపోవడానికి భయం ఒక్కటే కారణమైతే ఎప్పుడో బయటపడేదాన్ని. ఆయన చేసిన మేలు నన్ను ఎక్కువ కట్టేసింది.

ఆయన పద్ధతి ఇదీ. నా చీటీ తీసుకుని, చదవకుండా మడిచి కోటు జేబులో పెట్టుకుంటాడు. లాకర్ రూమ్‌లోకి వచ్చి, దెబ్బ తగిలిన కుర్రాడి భుజం మీద చెయ్యి వేసి, "ఎలా ఉన్నావు, సన్?" అంటాడు. జట్టంతా చూస్తుంటుంది. పంతొమ్మిదేళ్ల పిల్లవాడు ఏమంటాడు? "గుడ్, కోచ్" అంటాడు. అంతే. ఇక చీటీలో ఏమున్నా ఒకటే.

పదహారేళ్ల కిందట, మా కూటమి కాలేజీలు ఆడే కాన్ఫరెన్స్ టోర్నమెంట్ ఫైనల్‌కి వేరే ఊరు వెళ్లాం. ముందు రోజు ప్రాక్టీసు అయ్యాక కర్టిస్ నా బల్ల మీద కూర్చుని పాదం చాపాడు. పాదం పైన, చీలమండకి ముందు ఒక చిన్న ఎముక ఉంటుంది. దానికి రక్తం సరిగా అందదు, పగిలితే ఓ పట్టాన అతకదు. అక్కడ బొటనవేలితో నొక్కితే కర్టిస్ పళ్లు బిగబట్టాడు. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. ఆ ఎముక ఎక్స్‌రేకి తొందరగా దొరకదు. డాక్టర్ మాతో రాలేదు. ఫోన్‌లో, "వెనక్కొచ్చాక ఎమ్మారై తీయిద్దాం. ఈలోపు నొప్పిని బట్టి నువ్వే చూసుకో" అన్నాడు.

చీటీలో "వద్దు" అనే రాశాను. హాలోవెల్ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఎలా ఉన్నావు, సన్?" "గుడ్, కోచ్."

నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. టేపు చుట్టలు బ్యాగులో సర్దుకుంటున్నాను. నలుగురిలో పెద్దాయన్ని కాదనకూడదు, చెప్పాల్సింది కాగితం మీద పెట్టి ఊరుకోవాలి. అలాగే పెరిగాను. రాసిచ్చాను కాబట్టి నా వంతు అయిపోయిందనుకున్నాను.

కర్టిస్ చివరి క్షణంలో కుంటుకుంటూ వెళ్లి వేసిన బంతితో గెలిచాం. అప్పటికే ఆ ఎముక రెండుగా విరిగింది. రెండు ఆపరేషన్లు జరిగాయి. అతను మళ్లీ ఆడలేదు. ఆ చివరి బంతి ఫొటో నిలువెత్తున మా స్టేడియం లాబీలో పెట్టారు. అప్పటి నుంచి నేను సరుకు దించే వెనక గేటు నుంచి లోపలికి వెళ్లడం అలవాటు చేసుకున్నాను.

బ్రిగ్స్ తలుపు వేసేవాడు

హాలోవెల్ రిటైరయ్యాక బ్రిగ్స్ వచ్చాడు. జోకులు వేయడు, విలేకరులతో నాలుగు ముక్కల కంటే మాట్లాడడు, చూయింగ్ గమ్ నముల్తూ నేల చూపులు చూస్తుంటాడు. అభిమానులకి నచ్చే లక్షణం ఒక్కటీ లేదు. కానీ ఆటకి రెండు గంటల ముందు నా గదికి వచ్చి, తలుపు వేసి, చీటీ రెండుసార్లు చదివి, "ఇంకేమైనా ఉందా?" అని అడిగేవాడు. నేను వద్దన్న కుర్రాడిని ఇక అడిగేవాడే కాదు. "వాడిని అడిగితే అబద్ధం చెప్పమన్నట్టే కదా" అన్నాడొకసారి. నేను ఆ మాట విని బాత్‌రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను.

ఈ ఇద్దరు కోచ్‌లకీ అసలు తేడా అదీ. తలుపు వేసి జరిగేది కాబట్టి టీవీలో కనబడదు. టీవీలో కనబడేది స్కోరు.

చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. హాలోవెల్ చావలేదు, ఫ్లోరిడాలో గోల్ఫ్ ఆడుకుంటున్నాడు. అయినా ఆయన కళ్లు ఏటేటా పెద్దవవుతూ వచ్చాయి. ఆయన చివరి రెండేళ్లలో ఇదే జనం ఇదే స్టేడియంలో ఆయన్ని బూ అని అరిచిన సంగతి ఎవరికీ గుర్తులేదు.

బ్రిగ్స్ నాలుగో ఏడాది, జట్టులో అందరికంటే వేగంగా ఆడే ఐజయా నా బల్ల మీద కూర్చుని పాదం చాపాడు. నొప్పి ఎక్కడని అడిగితే వేలు పెట్టి చూపించాడు. అదే చోటు. బొటనవేలితో నొక్కాను. పళ్లు బిగబట్టాడు.

ఈసారి డాక్టర్ వెంటనే ఎమ్మారై తీయించాడు. ఎముకలో వాపు ఉంది, పగులు లేదు. "నాలుగు వారాలు ఆపుదాం. ఆ తర్వాత కూడా నొక్కితే నొప్పి ఉంటే ఆడించవద్దు. అది మిస్ వి చూసి చెప్తుంది" అన్నాడు. అంటే మొత్తం నా బొటనవేలి మీదికి వచ్చింది.

ఐజయా బెంచి మీద కూర్చున్నాడు, మేం వరసగా ఓడిపోయాం. ఎందుకు ఆడించడం లేదని విలేకరులు అడిగితే బ్రిగ్స్, "అది నా నిర్ణయం" అన్నాడు. నా పేరు ఎత్తలేదు, పాదం సంగతీ ఎత్తలేదు. ఆటగాడి ఒంటి సంగతి అతను ఒప్పుకోకుండా బయటపెట్టడానికి వీల్లేదు. ప్రొఫెషనల్ జట్ల వాళ్లు తీసుకోవడానికి భయపడతారని ఐజయా తల్లి ఒప్పుకోలేదు.

నాకు కొత్త రోగం పట్టుకుంది. ప్రాక్టీసు అయ్యాక పార్కింగ్ లాట్‌లో కారులో కూర్చుని, ఫోన్‌లో అభిమానుల చర్చలుండే ఫ్యాన్స్ ఫోరం చదివేదాన్ని. హాలోవెల్ ఉంటే ఇలా చేసేవాడా, హాలోవెల్ కుర్రాళ్లకి వెన్నెముక ఉండేది, కర్టిస్‌ని చూసి నేర్చుకోండి. పేజీల కొద్దీ ఇదే. ఒక రోజు పొద్దున బ్రిగ్స్ ఇంటి ముందు గడ్డిలో ఎవరో 'ఇల్లు అమ్మబడును' అనే బోర్డు పాతిపోయారు. స్కూల్ బస్సు ఎక్కబోతూ ఆయన చిన్న కూతురు, "మనం వెళ్లిపోతున్నామా డాడీ?" అని అడిగిందట. ఆ సంగతి తలచుకుంటే అన్నం సయించేది కాదు. ఎందుకంటే ఆ బోర్డు నా ఇంటి ముందు ఉండాల్సింది.

ఇంకో భయం దానికంటే లోతైనది. నేను నొక్కుతున్నది ఐజయా పాదాన్నా, కర్టిస్ పాదాన్నా? పాత తప్పు దిద్దుకోవాలని ఈ కుర్రాడిని అనవసరంగా కూర్చోబెడుతున్నానా? దానికోసం ఒక మంచి మనిషి ఉద్యోగం పోగొడుతున్నానా? కళ్లు మూసుకుని నొక్కి చూశాను. రెండు పాదాలూ మార్చి మార్చి నొక్కాను. మర్నాడు ఇంకో చోటు నొక్కుతున్నట్టు నటించి నొక్కాను. ప్రతిసారీ అక్కడే ఉలిక్కిపడేవాడు. అయినా నమ్మకం కుదిరేది కాదు.

శ్రీధర్ గారి బేస్‌మెంట్

మా యూనివర్సిటీ ఆట టీవీలో వస్తే ఆష్‌బర్న్‌లో శ్రీధర్ గారి బేస్‌మెంట్‌లో పది కుటుంబాలు చేరతాయి. మా వారు ఎన్నోసార్లు పిలిస్తే ఆ శనివారం నేనూ వెళ్లాను. ఆ రోజు మాకు ఆట లేదు. టీవీలో మా ముందటి ఓటమినే మళ్లీ వేస్తున్నారు. మనవాళ్లకి ఒక్కసారి ఓడితే చాలదు కదా.

పునుగుల ప్లేటు నా చేతికిస్తూనే శ్రీధర్ గారు మొదలుపెట్టారు. ఆయనది కరీంనగర్.

"ఏంది వదినా ఇది? ఐజయాను బెంచి మీద కూసోబెట్టుడేంది? హాలోవెల్ ఉంటే ఇట్లయితుండెనా?"

"డాక్టర్లు ఉంటారు కదండీ, వాళ్లు చూసుకుంటారు."

"అదే కదా చెప్తున్న! హాలోవెల్ డాక్టర్ల మాట ఇన్నడా? కర్టిస్ ఒంటికాలు మీద ఆడి గెలిపించిండు. ఇప్పటి పోరగాళ్లకు గోరు ఇరిగితె రెస్టు కావాలె. ఈ బ్రిగ్స్‌ను ఫైర్ చేస్తెనే టీమ్ బాగుపడ్తది."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. పునుగు గొంతులో అడ్డం పడింది. నిత్య మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ పిల్ల అప్పటికే కాలేజీలో చేరింది. "బట్ ఆంటీ, కర్టిస్ ఈజ్ సో ఇన్‌స్పైరింగ్ కదా?" అంది.

ఐజయా సంగతి చెప్పకపోవడం నా వృత్తి ధర్మం. కర్టిస్ సంగతి చెప్పకపోవడం పిరికితనం. ఏళ్ల తరబడి రెండోదాన్ని మొదటిదాని చాటున దాచాను. ఆ రోజు ఇంటికి తిరిగొస్తూ మా వారు డ్రైవ్ చేస్తుంటే కారులోంచే కర్టిస్‌కి ఫోన్ చేశాను.

అతను ఇప్పుడు ఒహాయోలో ఒక స్కూల్లో పిల్లలకి ఆటలు నేర్పుతున్నాడు. నీ పాదం గురించి నిజం చెప్పడానికి ఒప్పుకుంటావా, ఒక కోచ్ ఉద్యోగం పోయేలా ఉంది అని అడిగాను. చెప్పుకోండి మిస్ వి, నాకేం అన్నాడు. ఆపైన తనే అడిగాడు.

"ఆ రోజు గుడ్ అన్నాక నేను మీ వైపు చూశాను, తెలుసా?"

"లేదు" అన్నాను.

"మీరు చెప్తారనుకున్నాను. అందరి ముందూ నా నోటితో నేను చెప్పలేను కదా. మీరు తల వంచుకుని బ్యాగు సర్దుకుంటున్నారు. సరే, అంత ప్రమాదం ఉంటే మిస్ వి ఊరుకోదులే అనుకుని వెళ్లి ఆడాను."

నా మొహం చూసి మా వారు కారు పక్కకి తీసి ఆపారు.

"ఆ కుర్రాడిని ఆపుతున్నారా?" అన్నాడు కర్టిస్.

"ఆపుతున్నాను."

"ఆపండి."

ఆ గదిలో

టోర్నమెంట్ మొదటి ఆట రోజుకి నాలుగు వారాలు నిండాయి. ఓడితే బ్రిగ్స్ పని అయిపోయినట్టేనని అందరికీ తెలుసు. పొద్దున ఐజయా పాదం నొక్కాను. నొప్పి తగ్గింది, కానీ ఉంది. "ప్లీజ్ మిస్ వి, ఈ ఒక్క ఆట" అన్నాడు. చీటీలో "వద్దు" అని రాసి అసిస్టెంట్ చేత కోచ్‌కి పంపించి, ఎప్పటిలాగే తలుపు దగ్గర ఎదురుచూశాను.

బ్రిగ్స్ రాలేదు. రెండు గంటల ముందు రాలేదు, గంట ముందూ రాలేదు. బ్యాగు తీసుకుని లాకర్ రూమ్‌లోకి నడిచాను.

ఆయన అప్పుడే లోపలికి వచ్చాడు. నా చీటీ చేతిలో ఉంది. విప్పి చదివాడు. చదివి, మడిచి, కోటు జేబులో పెట్టుకున్నాడు. జట్టంతా చూస్తుండగా ఐజయా ముందు నిలబడ్డాడు.

"ఎలా ఉన్నావు, ఐజయా?"

నాలుగేళ్లలో ఆయన ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

"గుడ్, కోచ్."

అని, ఐజయా నా వైపు చూశాడు. ఒక్క రెప్పపాటు. కర్టిస్ చెప్పకపోయి ఉంటే ఈసారి కూడా నాకు కనబడేది కాదు.

"లేదు, కోచ్" అన్నాను. "ఇతను ఆడకూడదు. పొద్దున చూశాను, ఇంకా నొప్పి ఉంది."

ఐజయా ఒక బూతు మాట అని టవల్ నేలకేసి కొట్టాడు. బ్రిగ్స్ మొహం జేవురించింది. నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. ఆయన చాలాసేపు నేల వైపు చూశాడు.

"మిస్ వి వద్దంటోంది" అన్నాడు చివరికి. "నువ్వు ఆడటం లేదు."

కొద్ది తేడాతో ఓడిపోయాం. ఆ నెలాఖరులోపే ఆయన్ని తీసేశారు. ఆఫీసు ఖాళీ చేస్తూ, అట్టపెట్టె చంకలో పెట్టుకుని నా గది ముందు ఆగాడు. నేను క్షమించమని అడగబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ రోజు ముందు నీ దగ్గరికి రావాల్సింది. వస్తే ఏం చెప్తావో తెలుసు. అందుకే రాలేదు" అన్నాడు.

హాలోవెల్ కూడా అందుకే చీటీ చదివేవాడు కాదని నాకు అప్పుడు అర్థమైంది. పాత కోచ్ రాక్షసుడు, కొత్త కోచ్ దేవుడు అని నేను లోలోపల వేసుకున్న లెక్క కూడా ఫోరంలో వాళ్ల లెక్కలాంటిదే. బాగా భయపడిన రోజున ఇద్దరూ ఒకే ప్రశ్న అడిగారు. మారాల్సింది గదిలో ఉన్న మూడో మనిషి, నేను.

తేలని సంగతి

ఐజయా నొప్పి పూర్తిగా పోయాక ఇంకో రెండేళ్లు ఆడాడు, ఇంకా ఎక్కడో ఆడుతున్నాడు. ఆ రోజు ఆడి ఉంటే ఎముక విరిగేదా? నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. విరిగిన ఎముకకి ఎక్స్‌రే ఫిల్ము ఉంటుంది, విరగకుండా ఆపినదానికి ఏమీ ఉండదు. నా మాట వల్ల ఒక మర్యాదస్తుడి కుటుంబం ఊరు మారింది. అది నిజం. కర్టిస్ ఒప్పుకున్నా అతని సంగతి అప్పుడు బయట చెప్పలేకపోయాను, అదీ నిజం. నేను చేసింది సరైనదేనని ఇప్పటికీ అనుకుంటాను, అయినా ఆ అమ్మాయి బస్సెక్కుతూ అడిగిన ప్రశ్న నన్ను వదలదు. ఈ పనిలో మనశ్శాంతి దొరుకుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

ఇప్పుడు మూడో కోచ్ ఉన్నాడు. మొన్న శ్రీధర్ గారు ఫోన్ చేసి ఏమన్నారో తెలుసా? "బ్రిగ్స్ ఉన్నప్పుడే నయముండె వదినా. పోరగాళ్లను మంచిగ చూసుకునేటోడు." పెట్టేస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

నిత్యా, నీ వ్యాసం మార్చుకోమని నేననను. సీటు వచ్చేసింది కదా. నిన్ను చూస్తే నాకు గర్వం, దిగులు రెండూ కలిగాయి. పెద్దవాళ్లకి ఎదురుచెప్పకూడదనే మీ అమ్మానాన్నలూ నేనూ నిన్ను పెంచాం. స్వీట్ బాక్స్ రెండు చేతులతో ఇచ్చే పిల్లవి. నీకు సూప్ తెచ్చిపెట్టే బాస్ దొరుకుతాడు. నువ్వు చక్కని చేతిరాతతో చీటీ రాసిస్తావు, ఆయన మడిచి జేబులో పెట్టుకుంటాడు.

తర్వాత అందరి ముందూ ఆ కుర్రాడిని అడుగుతాడు. వాడు "గుడ్, కోచ్" అంటాడు. అని, ఒక్క రెప్పపాటు నీ వైపు చూస్తాడు. అప్పుడు నువ్వు బ్యాగు సర్దుకుంటూ ఉండకు.